ఉపగ్రహ బ్రాడ్‌బ్యాండ్‌లో రాకెట్ ధర కన్నా రాకెట్ తేదీయే ఖరీదు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఇలాన్ మస్క్ కంపెనీ స్పేస్‌ఎక్స్ తయారుచేసే ఫాల్కన్ 9 లాంటి రాకెట్లు వచ్చాక ప్రయోగ ఖర్చు బాగా పడిపోయింది కాబట్టి, పెట్టుబడి దొరికితే ఒక కొత్త కంపెనీ రెండు మూడు వందల ఉపగ్రహాలను తక్కువ ఎత్తు కక్ష్యలో పెట్టి, ఇంటర్నెట్ అమ్మి లాభాలు చూడగలదా అన్నది మొదటిది. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు మిగిలేది రాకెట్ వాళ్లకా, ఇంటర్నెట్ అమ్మేవాళ్లకా అన్నది రెండోది.

నేను చాలాకాలం ప్రయోగ ఒప్పందాలు, షెడ్యూళ్ల పని చూశాను. రాకెట్ డిజైన్ చేసేవాణ్ణి కాను. ఉపగ్రహం ఉన్నవాళ్లకీ రాకెట్ ఉన్నవాళ్లకీ మధ్య కూర్చుని, ఏ తేదీకి ఏది ఎగరాలి, ఎగరకపోతే ఎవరు ఎవరికి ఎంత కట్టాలి అని కాగితాల మీద కొట్లాడే మనిషిని. ఆ కుర్చీలోంచి కనిపించింది చెప్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: చాలామటుకు కుదరదు. దానికి కారణం మాత్రం రాకెట్ ఖరీదు కాదు. చాలామంది పెట్టుబడి లెక్కల్లో కిలోకి ఎన్ని డాలర్లు అనే గడి ఒకటి ఉంటుంది, దాని మీదే గంటలకొద్దీ చర్చ నడుస్తుంది. మునగడానికీ తేలడానికీ తేడా తెచ్చే గడి వేరే ఉంది. మీ ఆఖరి ఉపగ్రహం ఏ తేదీకి దాని స్థానంలో కూర్చుంటుంది? ఆ తేదీ మీ చేతిలో లేకపోతే ఎంత చవక రాకెట్ దొరికినా ఉపయోగం తక్కువే.

ఎందుకో తెలియాలంటే కక్ష్యల దగ్గర కాస్త ఆగాలి. పాతకాలపు ఉపగ్రహ ఇంటర్నెట్ అంతా భూస్థిర కక్ష్య నుంచి నడిచేది, ఎత్తు 35,786 కిలోమీటర్లు. అక్కడ ఉన్న ఉపగ్రహం నేల మీద నుంచి చూస్తే కదలకుండా ఉంటుంది, భూమిలో దాదాపు మూడో వంతు దానికి కనిపిస్తుంది. ఇబ్బందల్లా దూరమే. మీరు ఒక పేజీ అడిగి అది తిరిగి రావాలంటే సిగ్నల్ ఆ దూరాన్ని నాలుగుసార్లు దాటాలి. కాంతి వేగంతో వెళ్లినా దగ్గర దగ్గర అర సెకను పోతుంది. సినిమా చూడటానికి పర్వాలేదు కానీ వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతుంటారు. అదే 550 కిలోమీటర్ల ఎత్తులో అయితే ప్రయాణానికి పట్టేది కొన్ని మిల్లీ సెకన్లే. మిగతా నెట్‌వర్క్ ఆలస్యాలన్నీ కలుపుకున్నా 25 నుంచి 50 మిల్లీ సెకన్లలో పని అయిపోతుంది.

కస్టమర్‌కి అది గొప్ప సంగతి. అకౌంట్స్ చూసేవాడికి మాత్రం అక్కడే తలనొప్పి మొదలవుతుంది. భూస్థిర కక్ష్యలో ఒక్క ఉపగ్రహం పెట్టి, పరీక్షలు ముగియగానే బిల్లులు వేయొచ్చు. 550 కిలోమీటర్ల దగ్గర ఉపగ్రహం గంటన్నర చిల్లరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. ఒక ఇంటి పైనుంచి చూస్తే కొన్ని నిమిషాలు కనిపించి దిగిపోతుంది. అది దిగేలోపు ఇంకోటి రావాలి, దాని వెనక మరోటి. వరుసలో ఖాళీ ఉంటే ఇంటర్నెట్ ఆగుతుంది, రోజుకి పదిసార్లు ఆగే ఇంటర్నెట్‌కి నెల నెలా డబ్బు కట్టేవాళ్లు ఉండరు. అంటే తొలి ఉపగ్రహం పైకెళ్లిన రోజు నుంచి ఖర్చు, ఖాళీలు పూడిన రోజు నుంచి ఆదాయం. ఆ రెండు తేదీల మధ్య దూరమే ఈ వ్యాపారాన్ని తినేది.

దీనికి వన్‌వెబ్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2015లో ఆ కంపెనీ యూరప్ ప్రయోగ సంస్థ అరియన్‌స్పేస్‌తో, రష్యా రాకెట్ అయిన సోయుజ్ మీద 21 ప్రయోగాలకు ఒప్పందం చేసుకుంది, విలువ వంద కోట్ల డాలర్లకు పైమాటే. మొదటి ఆరు ఉపగ్రహాలు 2019 ఫిబ్రవరిలో ఎగిరాయి. 2020 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసే నాటికి కక్ష్యలో 74 ఉపగ్రహాలు ఉన్నాయి. అవి బాగానే పనిచేస్తున్నాయి. అప్పటికి సేకరించిన డబ్బు 300 కోట్ల డాలర్లకు పైనే. అమ్మడానికి సేవ మాత్రం ఇంకా లేదు, ఎందుకంటే అసలు ప్రణాళిక 648 ఉపగ్రహాలు. పనిచేసే ఉపగ్రహాలు డజన్లకొద్దీ ఆకాశంలో ఉండగా ఇంటర్నెట్ అమ్మకాల రాబడి లేకుండా దివాలా తీయడం ఈ రంగంలోనే జరుగుతుంది. తర్వాత బ్రిటన్ ప్రభుత్వం, ఎయిర్‌టెల్ నడిపే భారతీ సంస్థ చెరో 50 కోట్ల డాలర్లు పెట్టి దాన్ని లేపాయి.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. మళ్లీ ప్రయోగాలు మొదలై జోరుగా సాగుతుండగా 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. కజకిస్తాన్‌లో రష్యా నడిపే బైకనూర్ ప్రయోగ కేంద్రంలో 36 ఉపగ్రహాలు రాకెట్ మీదకు ఎక్కి సిద్ధంగా ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వం తన వాటా వదులుకోవాలని, వీటిని సైనిక అవసరాలకు వాడబోమని హామీ ఇవ్వాలని రష్యా అంతరిక్ష సంస్థ రోస్‌కాస్మోస్ పట్టుబట్టింది. వన్‌వెబ్ ఒప్పుకోలేదు. ప్రయోగం ఆగింది, ఉపగ్రహాలు అక్కడే చిక్కుకుపోయాయి. రద్దయిన ప్రయోగాలు, చేజారిన ఉపగ్రహాల కింద కంపెనీ దాదాపు 23 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది.

మార్చిలో సోయుజ్ పోయింది. కొన్ని వారాల్లోనే స్పేస్‌ఎక్స్‌తో, ఇస్రో వాణిజ్య విభాగమైన న్యూస్పేస్ ఇండియాతో కొత్త ఒప్పందాలు కుదిరాయి. అక్టోబరు 23న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ 36 ఉపగ్రహాలను తీసుకెళ్లింది, 2023 మార్చి 26న మరో 36. దాంతో కక్ష్యలో సంఖ్య 618కి చేరింది, ప్రపంచమంతా కవరేజీకి అవి చాలు. ఏడు నెలల్లో వేరే దేశపు, వేరే రకం రాకెట్ మీద ఎగరగలగడం మా రంగంలో వాళ్లకి నమ్మశక్యం కాని వేగం. అయినా ఏడాది చేజారింది. ఆ ఏడాదిలో స్పేస్‌ఎక్స్ సొంత ఇంటర్నెట్ సేవ అయిన స్టార్‌లింక్ పది లక్షల చందాదారులు దాటింది.

ఇప్పుడు మీ కంపెనీ లెక్క వేద్దాం, నేను ఊహించుకున్న గుండ్రటి అంకెలతో. 300 ఉపగ్రహాలు, రాకెట్‌కి 36 చొప్పున తొమ్మిది ప్రయోగాలు. రెండు నెలలకొకటి దొరికితే ఏడాదిన్నర. ఉపగ్రహం ఆయువు ఐదేళ్లు అనుకుంటే, మొదటి విడత ఉపగ్రహాలు పైసా సంపాదించకుండానే తమ జీవితంలో 30 శాతం గడిపేస్తాయి. మొత్తం పెట్టుబడి వంద కోట్ల డాలర్లు, వడ్డీ పది శాతం అనుకోండి. ఏడాది ఆలస్యానికి పది కోట్లు. ఫాల్కన్ 9 జాబితా ధర సుమారు ఏడు కోట్ల డాలర్లు, తొమ్మిదింటికి 63 కోట్లు. మీరు బేరమాడి 20 శాతం తగ్గింపు సాధించారే అనుకుందాం, పన్నెండున్నర కోట్లు మిగిలాయి. ఏడాది మూడు నెలల ఆలస్యం వస్తే వడ్డీ ఒక్కటే ఆ తగ్గింపును మింగేస్తుంది. ఈలోగా ఫ్యాక్టరీ జీతాలు ఆగవు, కంట్రోల్ రూమ్ షిఫ్టులు ఆగవు. రాకెట్ చవకగా వచ్చిందన్న సంతోషం తొందరగానే ఆవిరవుతుంది.

ఏడాది ఆలస్యం అతిశయోక్తి అనిపిస్తే కొన్ని తేదీలు చూడండి. యూరప్ వాళ్ల వేగా-సి రాకెట్ 2022 డిసెంబరులో విఫలమై మళ్లీ ఎగిరింది 2024 డిసెంబరులో. అరియన్ 5 ఆఖరి ప్రయోగం 2023 జూలైలో అయితే, అరియన్ 6 మొదటి ప్రయోగం 2024 జూలైలో. మధ్యలో ఏడాది పాటు యూరప్‌కి సొంత భారీ రాకెట్టే లేదు.

అమెజాన్ అనుభవం దీనికన్నా ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే వాళ్లకి డబ్బు కొరత లేదు. కైపర్ అనే పేరుతో మొదలై ఇప్పుడు అమెజాన్ లియోగా మారిన వాళ్ల ఉపగ్రహ ఇంటర్నెట్ ప్రాజెక్టుకు 2020 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3,236 ఉపగ్రహాలకు అనుమతి ఇచ్చింది. అప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే సగం 2026 జూలై ఆఖరుకల్లా కక్ష్యలో ఉండాలి. 2022 ఏప్రిల్‌లో అమెజాన్ ఒకేసారి 83 దాకా ప్రయోగాలు కొన్నట్టు ప్రకటించింది. వల్కన్, అరియన్ 6, న్యూ గ్లెన్ అనే మూడు రాకెట్ల మీద. వాణిజ్య ప్రయోగాల చరిత్రలో అంత పెద్ద ఆర్డర్ అప్పటికి లేదు. ఒక చిన్న చిక్కు: ఆ రోజున ఆ మూడింటిలో ఒక్కటీ ఇంకా ఎగరలేదు.

వల్కన్ తొలిసారి ఎగిరింది 2024 జనవరిలో, న్యూ గ్లెన్ 2025 జనవరిలో. చివరికి అమెజాన్ మొదటి విడత 27 ఉపగ్రహాలు 2025 ఏప్రిల్‌లో పాత అట్లాస్ 5 మీదే వెళ్లాయి. దానికి ముందే, 2023 డిసెంబరులో, పోటీదారు అయిన స్పేస్‌ఎక్స్ దగ్గరే మూడు ప్రయోగాలు కొనాల్సి వచ్చింది. అదే ఏడాది ఒక పెన్షన్ ఫండ్, వాటాదారు హోదాలో, స్పేస్‌ఎక్స్‌ని ముందే ఎందుకు పరిశీలించలేదని డైరెక్టర్ల మీద దావా కూడా వేసింది. నన్నడిగితే 2022 నాటి నిర్ణయం పూర్తిగా తెలివితక్కువది కాదు. ప్రత్యర్థి రాకెట్ మీదే ఆధారపడితే అతనికి మన ఉపగ్రహాల సంఖ్య, బరువు, షెడ్యూలు అన్నీ తెలిసిపోతాయి. కానీ ఎగరని రాకెట్ తేదీని ఎగిరిన రాకెట్ తేదీలా నమ్మి గడువు లెక్కలు వేసుకోకూడదు. కొత్త రాకెట్ విషయంలో నేను ఎప్పుడూ పాటించే పద్ధతి, వాళ్లు చెప్పిన తేదీకి రెండేళ్లు కలుపుకుని నా లెక్క మొదలుపెట్టడం.

గడువుల మాట వచ్చింది కాబట్టి, స్పెక్ట్రమ్ హక్కు, అంటే రేడియో ఫ్రీక్వెన్సీలు వాడుకునే హక్కు, కూడా ఒక గడియారమే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర దరఖాస్తు వేసిన ఏడేళ్లలోపు ఆ ఫ్రీక్వెన్సీలను వాడకంలోకి తేవాలి. 2019లో పెట్టిన నియమం ప్రకారం ఆ ఏడేళ్లు ముగిసినప్పటి నుంచి రెండేళ్లలో 10 శాతం, ఐదేళ్లలో 50 శాతం, ఏడేళ్లలో మొత్తం ఉపగ్రహాలు పైన ఉండాలి. లేకపోతే హక్కు ఆ మేరకు కుదించుకుపోతుంది. ఎఫ్‌సీసీ లెక్క వేరు, ఆరేళ్లలో సగం, తొమ్మిదేళ్లలో మొత్తం. కాగితాల మీద పదివేల ఉపగ్రహాలు రాసి ఫ్రీక్వెన్సీలు పట్టుకు కూర్చునే రోజులు పోయాయి. ప్రయోగ తేదీ జారితే వడ్డీ ఒక్కటే పోదు, లైసెన్సు కూడా కరిగిపోవచ్చు.

ఇక బయటివాళ్లకి సాధారణంగా తెలియని సంగతి ఒకటి. ఉపగ్రహం కక్ష్యలోకి చేరడం, దాని స్థానంలోకి చేరడం ఒకటి కాదు. ఈ ఉపగ్రహ సమూహాలు కక్ష్యా తలాలుగా ఏర్పాటై ఉంటాయి, తలం అంటే కొన్ని ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి తిరిగే ఒకే దారి. స్టార్‌లింక్ మొదటి పొర చూస్తే 72 తలాలు, ఒక్కో తలంలో 22 ఉపగ్రహాలు. రాకెట్ ఒక్కసారికి ఒక్క తలంలోకే వదలగలదు. పక్క తలంలోకి ఇంధనం కాల్చి మారాలంటే భరించలేనంత ఖర్చు. అందుకని ఒక ఉపాయం వాడతారు. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండటం వల్ల కక్ష్యా తలాలు మెల్లగా తిరుగుతుంటాయి, తక్కువ ఎత్తులో ఉన్నవి ఇంకాస్త వేగంగా తిరుగుతాయి. కాబట్టి ఒక గుంపును వెంటనే పైకి లేపి, రెండో గుంపును కొన్ని వారాలు కిందే ఉంచి, పక్క తలం దాకా జరిగాక అప్పుడు లేపుతారు. మూడో గుంపు ఇంకా ఆగుతుంది. ఇంధనం మిగులుతుంది, కాలం పోతుంది.

ఆ పైకి లేపడం కూడా నిదానమైన పనే. ఎల్‌వీఎం3 తన రెండో విడత వన్‌వెబ్ ఉపగ్రహాలను వదిలింది సుమారు 450 కిలోమీటర్ల దగ్గర. అక్కడి నుంచి 1,200 కిలోమీటర్ల దాకా అవి తమ చిన్న విద్యుత్ థ్రస్టర్లతో నెలల తరబడి ఎక్కాయి. ప్రెస్ నోట్‌లో ప్రయోగం విజయవంతం అని వచ్చిన రోజుకీ, ఆ ఉపగ్రహం మొదటి రూపాయో డాలరో సంపాదించే రోజుకీ మధ్య రెండు నుంచి ఆరు నెలలు పోతాయని రాసుకోండి. పెట్టుబడిదారులకు చూపించే స్లైడ్లలో ఈ గడి దాదాపు ఎప్పుడూ ఉండదు.

స్పేస్‌ఎక్స్ ఇందులో ఎందుకు ముందుందో ఇప్పుడు చెప్పడం తేలిక. మామూలుగా అందరూ చెప్పేది బూస్టర్, అంటే రాకెట్ కింది భాగం, తిరిగి దిగడం గురించి. 2015 డిసెంబరులో మొదటిసారి దింపారు, 2017 మార్చిలో వాడిన బూస్టర్‌ని మళ్లీ ఎగరేశారు. అలా తిరిగి వాడిన రాకెట్‌తో ఒక ప్రయోగానికి అదనంగా పడే ఖర్చు కోటిన్నర డాలర్ల దాకా ఉంటుందని ఇలాన్ మస్క్ 2020లో అన్నాడు. జాబితా ధరతో పోలిస్తే నాలుగో వంతు కూడా కాదు. అంటే మీరు ఏడు కోట్లు పెట్టి కొనే ప్రయోగం వాళ్లకి కోటిన్నరకు పడుతుంది. అది నిజమే, పెద్ద తేడాయే.

నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద లాభం తేదీలు. 2024లో ఫాల్కన్ రాకెట్లు 130 సార్లకు పైగా ఎగిరాయి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు సొంత స్టార్‌లింక్ ప్రయోగాలే. బయటి కస్టమర్ ఉపగ్రహం ఆలస్యమైతే ఆ రాకెట్ ఖాళీగా ఉండదు, స్టార్‌లింక్ ఎక్కించి పంపేస్తారు. ఇంకెవరికీ ఈ సౌకర్యం లేదు. మిగతా ప్రయోగ కంపెనీల దగ్గర ఒక కస్టమర్ జారితే ప్యాడ్, అంటే ప్రయోగ వేదిక, మూగబోతుంది, సిబ్బంది జీతాలు నడుస్తూనే ఉంటాయి, ఆ తర్వాతి కస్టమర్లు అందరూ ఒకరి వెనక ఒకరు జరుగుతారు. 2024 జూలై 11న ఫాల్కన్ 9 పై దశలో, అంటే ఉపగ్రహాలను కక్ష్య దాకా మోసే పై భాగంలో, లోపం వచ్చి 20 స్టార్‌లింక్ ఉపగ్రహాలు పోయాయి. పదహారో రోజున మళ్లీ ఎగిరింది, మళ్లీ స్టార్‌లింక్‌తోనే. తమ సొంత సరుకు కాబట్టి ఆ రిస్క్ తీసుకోగలిగారు. వేరొకరి ఉపగ్రహమైతే బీమా కంపెనీలు ఒప్పుకోవడానికే నెలలు పట్టేది.

ఉపగ్రహం ఆకారాన్ని కూడా రాకెట్‌కి తగ్గట్టే చేశారు. 2019 మేలో మొదటి విడత 60 ఉపగ్రహాలు, ఒక్కోటి 227 కిలోలు, పళ్లాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. విడిగా ఒక్కోదాన్ని తోసే డిస్పెన్సర్ యంత్రం లేదు. పై దశను నెమ్మదిగా తిప్పి, పట్టి ఉంచిన కడ్డీలు వదిలేస్తే వాటంతటవే విడిపోతాయి. వేరేవాళ్ల రాకెట్ మీద ఎగిరే కంపెనీకి అలా చేయడం కష్టం. డిస్పెన్సర్ బరువు మీరు మోయాలి, అంత మేరకు ఉపగ్రహాలు తగ్గుతాయి.

అయితే రాకెట్ తేదీలు చేతిలో ఉంటే చాలు అనుకోవద్దు, ఇరిడియం ఉంది. 1997, 98లలో వాళ్లు ఏడాది పైచిలుకు కాలంలో మూడు రకాల రాకెట్లతో 72 ఉపగ్రహాలు పెట్టేశారు. ప్రయోగాల నిర్వహణలో ఇప్పటికీ అదొక పాఠం. 1998 నవంబరులో ఫోన్ సేవ మొదలైంది, 1999 ఆగస్టులో దివాలా. 500 కోట్ల డాలర్ల వ్యవస్థ సుమారు రెండున్నర కోట్లకు చేతులు మారింది. ఫోన్ ఖరీదు వేలల్లో, నిమిషం మాట డాలర్లలో, ఈలోగా నేల మీద మామూలు సెల్ టవర్లు పాకిపోయాయి. కొన్నవాళ్లకి మాత్రం అప్పుల భారం లేని నెట్‌వర్క్ దొరికింది, వ్యాపారం నిలబడింది. ఈ రంగంలో రెండో యజమాని బాగుపడటం కొత్తేమీ కాదు.

బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ ఫోన్ స్థానంలో ఉన్నది ఇంటి పైన పెట్టే డిష్. స్టార్‌లింక్ 2020లో దాన్ని 499 డాలర్లకు అమ్మింది, తయారీకి మొదట్లో పడింది 3,000 డాలర్ల దాకా. కదిలే ఉపగ్రహాన్ని కదలకుండా వెంటాడే యాంటెన్నా అంటే లోపల చిప్‌లు వందలకొద్దీ ఉంటాయి. లక్షల్లో తయారుచేస్తేనే ధర దిగుతుంది, లక్షల్లో తయారుచేయాలంటే ఒక్కో కొత్త కస్టమర్ దగ్గరా నష్టపోతూ ముందుకెళ్లాలి. చిన్న కంపెనీకి రాకెట్ కన్నా ఇక్కడే ఊపిరి ఆడదు. మూడు వందల ఉపగ్రహాల కంపెనీకి లక్షల డిష్‌ల ఆర్డర్ ఎక్కడిది?

పైగా ఉపగ్రహం తిరిగే దారిలో ఎక్కువ భాగం సముద్రమే. అక్కడ అది ఊరికే తిరుగుతుంటుంది. ఓడలు, విమానాల కంపెనీల వెంట అందరూ ఎందుకు పడుతున్నారంటే ఇదే కారణం. నగరాల మీదకు వచ్చినప్పుడు అడిగేవాళ్లు ఎక్కువ, ఆ చోటుకి ఇవ్వగల సామర్థ్యం తక్కువ. ప్రతి దేశంలో విడిగా లైసెన్సు, ఉపగ్రహాన్ని నేల మీది ఇంటర్నెట్‌తో కలిపే గేట్‌వే స్టేషన్లు, భద్రతా అనుమతులు. వీటి గురించి మీకు ఇప్పటికే తెలుసనుకుంటాను.

పూర్తయ్యాక కూడా ప్రయోగాలు ఆగవు. ఈ ఎత్తులో ఐదేళ్లకో కాస్త అటూ ఇటూగానో ఉపగ్రహాన్ని దించేసి కొత్తది పంపాలి. పని ముగిసిన ఉపగ్రహాన్ని ఐదేళ్లలోపు కక్ష్య నుంచి తీసేయాలని ఎఫ్‌సీసీ 2022లో నియమం కూడా పెట్టింది. మీ 300కి ఏడాదికి 60 చొప్పున, అంటే ఏటా రెండు రాకెట్లు, కంపెనీ ఉన్నంతకాలం. ఆరువేలు ఉన్నవాడికి ఏడాదికి 1,200. విడతకి 23 అయితే వారానికో రాకెట్, అది కూడా ఉన్నచోట ఉండటానికే. ప్రయోగ ఖర్చును ఒక్కసారి పెట్టే పెట్టుబడిగా చూపించే ప్రాజెక్టు రిపోర్టు మీ ముందుకొస్తే మూసేయండి.

రిస్క్ గురించి ఒక మాట. సమూహానికి ఉన్న నిజమైన మేలు ఇక్కడ ఉంది. 2022 ఫిబ్రవరిలో సౌర తుపాను వల్ల అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా వాతావరణంలోకి పడి కాలిపోయాయి. కంపెనీ నడక తప్పలేదు. 2023లో వెళ్లిన వయాశాట్-3 అనే ఒక్క భారీ ఉపగ్రహానికి యాంటెన్నా సరిగా విచ్చుకోకపోతే, అనుకున్న సామర్థ్యంలో పదో వంతు కూడా మిగల్లేదు. 40 కోట్ల డాలర్లకు పైగా బీమా క్లెయిమ్ అయింది. చిన్న కంపెనీకి మాత్రం రెండు వైపులా దెబ్బే. 36 ఉపగ్రహాల రాకెట్ ఒకటి పేలితే మీ మొత్తంలో ఎనిమిదో వంతు పోయినట్టు, పోయినవాటిని మళ్లీ తయారుచేసేదాకా ఖాళీలు పూడవు.

మీ రెండో ప్రశ్న, డబ్బు ఎవరికి మిగులుతుంది అన్నది. ప్రయోగాలు మాత్రమే అమ్మే కంపెనీలకి మిగిలేది తక్కువ. ప్యాడ్, ఫ్యాక్టరీ, సిబ్బంది ఇవన్నీ స్థిర ఖర్చులు, ఏడాదికి ఎన్నిసార్లు ఎగిరారన్న దాని మీదే లాభనష్టాలు. చాలా దేశాల్లో ప్రభుత్వ, రక్షణ ఆర్డర్లు లేకపోతే ఆ కంపెనీలు నిలబడవు. ఇంటర్నెట్ చందాల మార్కెట్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. అందుకే రాకెట్ ఉన్నవాడు ఇంటర్నెట్‌లోకి దిగాడు. ఇంటర్నెట్ అమ్మాలనుకున్నవాడికి రాకెట్ కట్టడం అంత తేలిక కాదు. రాకెట్‌ని దాని ఖర్చుకే తనకు తాను అమ్ముకుని, చందాల దగ్గర లాభం తీసుకునేవాడితో మీరు పోటీ పడుతున్నారని గుర్తుంచుకోండి.

మరి మీ దగ్గర ఉన్న డబ్బుతో ఏం చేయొచ్చు? నాకు సబబుగా అనిపించే దారులు రెండు. ఎక్కువ ఉపగ్రహాలు అక్కర్లేని కక్ష్య ఎంచుకోవడం ఒకటి. ఓ3బీ అనే కంపెనీ సుమారు 8,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖ మీద, 2013లో నాలుగు, 2014లో ఎనిమిది ఉపగ్రహాలు పెట్టి ఆ ఏడాదే సేవ మొదలుపెట్టింది. ఇళ్ల జోలికి పోకుండా దీవులకి, టెలికాం కంపెనీలకి, క్రూయిజ్ ఓడలకి అమ్మింది. 2016లో ఎస్‌ఈఎస్ అనే ఉపగ్రహ కంపెనీ దాన్ని పూర్తిగా కొనేసింది. మూడు ప్రయోగాలతో మొదలైన వ్యాపారం అది, తొమ్మిదితో కాదు. రెండో దారి అసలు ఉపగ్రహమే పెట్టకపోవడం. ఉన్న నెట్‌వర్క్‌ల సామర్థ్యాన్ని టోకున కొని, ఓడలకో గనులకో ప్రత్యేక సేవగా అమ్మడం, లేదా డిష్‌లు, గేట్‌వేల పరికరాల వైపు వెళ్లడం. గ్లామర్ తక్కువ, నిద్ర బాగా పడుతుంది.

ఇదంతా విన్నాక కూడా ఉపగ్రహాలే పంపాలని ఉంటే, ప్రయోగ ఒప్పందంలో ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే ధర గురించి ఆరు నెలలు బేరమాడి మిగతావి చదవకుండా సంతకం పెట్టినవాళ్లని చూశాను. మామూలుగా డబ్బు విడతలుగా కడతారు, ఎగిరే నాటికి దాదాపు మొత్తం కట్టేసి ఉంటారు. చాలా ఒప్పందాల్లో ఇంజిన్లు వెలిగిన క్షణంతో వాళ్ల బాధ్యత తీరిపోతుంది, ఆ తర్వాత నష్టం మీదే. అందుకే బీమా, లేదా విఫలమైతే మళ్లీ ఎగరేసే హామీని విడిగా కొనుక్కోవాలి. తేదీ అని రాసేచోట ఒక రోజు ఉండదు, మూడు నెలల కిటికీ ఉంటుంది, అది దగ్గరపడే కొద్దీ నెలకి, వారానికి కుదించుకుంటూ వస్తారు. వాళ్లు ఆలస్యం చేస్తే కొన్ని నెలల దాకా పరిహారం ఉండదు, మీరు ఆలస్యం చేస్తే మొదటి నెల నుంచే మీటర్ తిరుగుతుంది. నాకు తెలిసిన ఒక కస్టమర్ ఉపగ్రహాలు పూర్తయి, రాకెట్ లేక, ఏడాది దాకా క్లీన్ రూమ్‌లోనే ఉండిపోయాయి. అద్దె, బ్యాటరీల నిర్వహణ, మళ్లీ పరీక్షలు అన్నీ ఆ కస్టమర్ నెత్తినే పడ్డాయి, ఎందుకంటే ఆ రకం ఖర్చు ఎవరు భరించాలో ఒప్పందంలో ఒక్క వాక్యం లేదు.

కాబట్టి రెండు విషయాలు పట్టుబట్టండి. తేదీ ఇన్ని నెలలు దాటితే కట్టిన డబ్బు వెనక్కి తీసుకుని బయటపడే హక్కు ఒకటి. ఎవరూ మొదటి ముసాయిదాలో ఇది ఇవ్వరు, అడిగితే పన్నెండు నెలలకో పద్దెనిమిది నెలలకో ఒప్పుకుంటారు. రెండోది మీ ఇంజినీర్లతో: ఉపగ్రహాన్ని, డిస్పెన్సర్‌ని మొదటి రోజు నుంచే కనీసం రెండు రకాల రాకెట్ల కుదుపులకీ, ఫెయిరింగ్ (ఉపగ్రహాన్ని కప్పే రాకెట్ ముక్కు) కొలతలకీ సరిపోయేలా చేయించండి. దాని వల్ల ఒక్కో ఉపగ్రహం కొన్ని కిలోలు బరువెక్కుతుంది, రాకెట్‌కి ఒకటో రెండో తగ్గుతాయి, మీ ఫైనాన్స్ టీమ్ గొణుగుతుంది. ఆ గొణుగుడు భరించండి. ఏ రాకెట్ మీదకైనా మారగలరని ఎదుటివాడికి తెలిస్తే, ఆ మొదటి నిబంధన మీద బేరం కూడా తొందరగా తెగుతుంది.